పాత కాలిక్యులేటర్‌లో సెల్ వేసే ముందు

అటక మీద పెట్టెలో పాత కాలిక్యులేటర్ దొరకగానే కొత్త సెల్ వేసి స్విచ్ నొక్కాలని చేయి లాగుతుంది. కాసేపు ఆగండి. 1970ల నాటి వాటిలో చిప్ చాలావరకు బతికే ఉంటుంది. చెడగొట్టేది, తీయడం మరిచిపోయిన సెల్లే.

ఈ పద్ధతి ముఖ్యంగా ఎర్ర ఎల్ఈడీ అంకెలవాటికి. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1976లో తెచ్చిన టీఐ-30, అదే ఏడాది పిల్లల కోసం తెచ్చిన లిటిల్ ప్రొఫెసర్ ఈ కోవలోవే. రెండూ 9 వోల్టుల బ్యాటరీతో నడుస్తాయి.

బ్యాటరీ గది మూత తీసి చూడండి. తెల్లటి పొడి పేరుకుని ఉంటే అది ఆల్కలైన్ సెల్ కారిన గుర్తు. క్షారం గాలి తగిలి కార్బనేట్‌గా గడ్డకడుతుంది. చెవి పుల్లకు తెల్ల వెనిగర్ అద్ది రుద్దండి, నురగ ఆగేదాకా పుల్లలు మారుస్తూ ఉండండి. నిమ్మరసం కూడా పనిచేస్తుంది గానీ జిగురు మిగులుతుంది. కారింది మామూలు జింక్-కార్బన్ సెల్ అయితే దాని రసం ఆమ్లం, దానికి వెనిగర్ వద్దు. అర కప్పు నీళ్లలో ఒక చెంచా వంట సోడా కలిపి తుడవాలి. ఏది వాడినా ఆపైన శుద్ధజలంతో, చివర ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఒక రోజు ఆరనివ్వండి. ఈ ఆఖరి తుడుపు మానేస్తే మిగిలిన వెనిగరే బోర్డు మీది రాగి గీతలను తినేస్తుంది.

బ్యాటరీ తగిలే రేకులు మెరిసినంత మాత్రాన పని అయిపోలేదు. కారిన రసం తీగ తొడుగు లోపలికి పాకుతుంది. పైకి బాగానే కనిపించే తీగను కాస్త ఒలిచి చూస్తే రాగి నల్లబడి ఉంటుంది, దానికి టంకం అంటదు. నల్లదనం పోయేదాకా కత్తిరించండి, లేదా తీగతో సహా బ్యాటరీ తల మీద బిగించే కొత్త క్లిప్ వేయండి. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. పాత 9 వోల్టుల బ్యాటరీ తల ఊడదీసి క్లిప్‌గా వాడుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: బ్యాటరీ మీద చిన్న గుండ్రటి బొడిపె ప్లస్. అదే తలను క్లిప్‌గా మారిస్తే ఆ బొడిపె ఎదుటి బ్యాటరీ మైనస్‌కు తగులుతుంది. అంటే నల్ల తీగ అక్కడికి రావాలి. ఇది తారుమారైతే చిప్ పోయే ప్రమాదం ఉంది, దానికి బదులు చిప్ దొరకడం కష్టం.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు బ్యాటరీకీ క్లిప్‌కూ మధ్యలో మల్టీమీటర్‌ను (కరెంటు కొలిచే మీటర్) 200 మిల్లీఆంపియర్ల రేంజిలో పెట్టండి. పదుల్లో చూపిస్తే మంచిదే. రేంజి దాటితే వెంటనే తీసేయండి, లోపల ఎక్కడో షార్ట్ ఉంది.

మీట ఒక్కసారి నొక్కితే అంకె రెండుసార్లు పడటం ఈ తరం కాలిక్యులేటర్లకు పెద్ద జబ్బు. మీట కింది లోహపు బిళ్లకు మురికి, తుప్పు పట్టడమే కారణం. టీఐ-30 లాంటివాటిలో కీబోర్డును ప్లాస్టిక్ మేకులు కరిగించి బిగించారు, ఊడదీస్తే మళ్లీ అతకదు. కాబట్టి సెల్ తీసేసి, మీట అంచున ఒక చుక్క ఆల్కహాల్ వేసి ముప్పై నలభై సార్లు నొక్కండి. ఆరాక చూసి, అవసరమైతే మళ్లీ చేయండి. అసిటోన్ మాత్రం దగ్గరికి రానివ్వకండి, ప్లాస్టిక్ కరిగిపోతుంది.

ఎల్‌సీడీవాటిలో అంకెల గీతలు కొన్ని మాయమైతే, అద్దానికీ బోర్డుకూ మధ్య ఉండే చారల రబ్బరు పట్టీని తీసి రెండు అంచులూ ఆల్కహాల్‌తో తుడిచి పెడితే చాలాసార్లు తిరిగి వస్తాయి. ఆ పట్టీకి బదులు అతికించిన రిబ్బన్ (పలుచటి తీగల పట్టీ) ఉంటే లాగకండి. పసుపు తెర చూసి పాతబడిందనుకోవద్దు. తొలినాళ్ల ఎల్‌సీడీలకు అతినీలలోహిత కిరణాలు పడవు, అందుకే ఆ పసుపు ఫిల్టర్. అలాగే ఉండనివ్వండి.

హ్యూలెట్-ప్యాకార్డ్ కంపెనీ కాలిక్యులేటర్లు హెచ్‌పీ-21, హెచ్‌పీ-25 దొరికితే అదృష్టమే, కానీ పాత చార్జర్ తగిలించకండి. వాటిలో వోల్టేజీని అదుపులో ఉంచేది లోపలి నికెల్-కాడ్మియం ప్యాకే. అది చచ్చి ఉంటే పెరిగిన వోల్టేజీ నేరుగా చిప్‌లకు తగులుతుంది. రెండు నికెల్-మెటల్ హైడ్రైడ్ సెల్లు బయట చార్జ్ చేసి వేసుకోవడమే క్షేమం.

చివరగా పరీక్ష. ఎనిమిది అంకెల తెర మీద 8ని ఎనిమిదిసార్లు నొక్కితే ప్రతి గీతా వెలగాలి. టీఐ-30లో డిగ్రీల్లో ఉంచి 30 కొట్టి సైన్ నొక్కితే 0.5 రావాలి. జవాబు కాస్త ఆలస్యమైతే లోపం కాదు, ఆ చిప్ వేగమే అంత. లిటిల్ ప్రొఫెసర్‌లో లెక్క తనే ఇస్తుంది, జవాబు మనం కొట్టాలి. కావాలనే తప్పు కొట్టండి: తెర మీద మూడు 'ఈ'లు (EEE) రావాలి. అదే లెక్కకు మూడుసార్లు తప్పితే సరైన జవాబు తనే చూపిస్తుంది. అది కనిపిస్తే తెర, మీటలు, చిప్ మూడూ బాగున్నట్టే. మూత బిగించండి, ఆడుకున్నాక బ్యాటరీ తీసి విడిగా పెట్టండి.