ఆడమ్స్‌లో రెవల్యూషన్ ఘనాకృతిని కమాండుతో సవరించే పద్ధతి

కుమ్మరి సారె మీద తిరిగే మట్టికి వేలి వంపే కుండ ఆకారమైనట్టు, ఒక ప్రొఫైల్ గీతను అక్షం చుట్టూ తిప్పగా ఏర్పడే ఘనాకృతిని ఆడమ్స్ వ్యూలో (ఆడమ్స్ సాఫ్ట్‌వేర్‌లో మోడళ్లు గీసే భాగంలో) రెవల్యూషన్ అంటారు. ఫ్లైవీలు, పుల్లీ, బుష్, మెట్లు మెట్లుగా వ్యాసం మారే షాఫ్టు వంటి, లేత్ మిషన్ మీద తయారయ్యే భాగాలన్నీ దాదాపు ఈ కోవలోకే వస్తాయి. 1977లో అమెరికాలోని ఆన్ ఆర్బర్‌లో మొదలైన మెకానికల్ డైనమిక్స్ సంస్థ ఆడమ్స్‌ను రూపొందించింది. అది 2017లో హెక్సగాన్ సంస్థ చేతికి వచ్చింది. యంత్రభాగాల కదలికను, వాటి మీద పడే బలాలను లెక్కించే ఈ సాఫ్ట్‌వేర్‌లో ఆకారం బొమ్మ కోసం మాత్రమే ఉండదు. భాగం ద్రవ్యరాశి, జడత్వం ఆ ఆకారం నుంచే వస్తాయి కనుక, దాన్ని సవరించడమంటే సిమ్యులేషన్ ఫలితాన్నే సవరించడం.

కొలత మారినప్పుడు పాత భాగాన్ని తొలగించి కొత్తది గీయడం చాలామందికి అలవాటు. ఈ అలవాటును మానుకోవాలని గట్టిగా చెబుతాను. పార్టును తొలగిస్తే దాని మార్కర్లు, అంటే స్థానాన్ని, దిశను చూపే గుర్తులు పోతాయి, ఆ మార్కర్లను ఆధారం చేసుకున్న జాయింట్లు (పార్టులను కలిపే కీళ్లు), బలాలు, కొలతలు కూడా దెబ్బతింటాయి. నేను నేర్చుకుంటున్న రోజుల్లో ఒక ఫ్లైవీలును ఇలాగే తిరిగి గీసి, తెగిపోయిన జాయింట్లను ఒక్కొక్కటిగా వెతికి కలుపుకోవడానికి ఒక పూట వెచ్చించాను. మాడిఫై కమాండు వాడితే పేరు, మార్కర్లు, జాయింట్లు అన్నీ ఉన్నచోటే ఉంటాయి, ఆకారం ఒక్కటే మారుతుంది.

ముందుగా ఎఫ్3 కీ నొక్కి కమాండ్ విండో తెరవాలి. ఇక్కడ కమాండులను తెలుగు లిపిలో చూపుతున్నాను. టైపు చేసేటప్పుడు అవే మాటలను ఇంగ్లీషు అక్షరాలతో, ఇక్కడ అండర్‌స్కోర్ ఉన్న చోట్ల అదే గుర్తుతో రాయాలి. వరుస చివర & గుర్తు పెడితే కమాండు తరువాతి వరుసలో కొనసాగుతుందని అర్థం. వస్తువు పేరును చుక్కతో మొదలుపెట్టి, మోడల్, పార్టు, ఆకారం అనే వరుసలో పూర్తిగా ఇవ్వడం మంచిది, ఎందుకంటే ఒకే పేరున్న ఆకారాలు రెండు పార్టుల్లో ఉన్నప్పుడు పొరపాటుకు తావుండదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఫ్లైవీలు లోపలి వ్యాసార్థం 20 మి.మీ., బయటి వ్యాసార్థం 100 మి.మీ., మందం 25 మి.మీ. అనుకుందాం. బయటి వ్యాసార్థాన్ని 120కి పెంచాలి. రిఫరెన్స్ మార్కర్ జెడ్ అక్షమే తిరిగే అక్షం కనుక, ప్రొఫైల్ బిందువుల్లో ఎక్స్ విలువ వ్యాసార్థాన్ని, జెడ్ విలువ అక్షం వెంబడి దూరాన్ని చూపుతాయి.

జామెట్రీ మాడిఫై షేప్ రెవల్యూషన్ &
రెవల్యూషన్_నేమ్ = .మోడల్_1.పార్ట్_2.రెవల్యూషన్_3 &
పాయింట్స్_ఫర్_ప్రొఫైల్ = 20,0,0, 120,0,0, 120,0,25, 20,0,25, 20,0,0 &
రిలేటివ్_టు = .మోడల్_1.పార్ట్_2.మార్కర్_1

ఈ నాలుగు వరుసల్లో పొరపాట్లు జరిగేది ఎక్కువగా మూడో వరుసలోనే. మారిన బిందువులను మాత్రమే ఇస్తే సరిపోతుందని అనుకోకూడదు. పాత జాబితా మొత్తం స్థానంలో కొత్త జాబితా వచ్చి కూర్చుంటుంది కాబట్టి, మారని బిందువులను కూడా అదే క్రమంలో తిరిగి రాయాలి. మొదటి బిందువునే చివర మళ్లీ ఇచ్చి ప్రొఫైల్‌ను మూసివేయాలి. మూయకపోతే మనకు దక్కేది ద్రవ్యరాశి లేని పైపొర మాత్రమే, అది తెరమీద ఘనంలాగే కనిపించి మోసం చేస్తుంది. ప్రొఫైల్ గీత అక్షాన్ని దాటి అవతలికి వెళ్లకూడదు. నాలుగో వరుసను వదిలేస్తే అప్పటికి అమల్లో ఉన్న డిఫాల్ట్ ఫ్రేమ్ ప్రకారం ప్రోగ్రామ్ బిందువులను లెక్కిస్తుంది, అందుచేత మోడల్ మూలబిందువుకు దూరంగా ఉన్న భాగం వికృతంగా మారవచ్చు. రిలేటివ్_టు రాయడాన్ని నేను ఎన్నడూ వదలను.

కమాండు నడిచాక ఆకారాన్ని కంటితో చూసి ఊరుకోకుండా ద్రవ్యరాశిని సరిచూడాలి. ఇందుకు టూల్స్ మెనూలో అగ్రిగేట్ మాస్ ఉంది. ఆడమ్స్‌లోని ఉక్కు సాంద్రత ఘనమీటరుకు 7801 కిలోగ్రాములు కాబట్టి, పాత ఫ్లైవీలు బరువు సుమారు 5.88 కిలోలు, కొత్తది 8.58 కిలోలు రావాలి. అక్షం చుట్టూ జడత్వ భ్రామకమైతే దాదాపు 30,600 నుంచి 63,500 కిలోగ్రాం చదరపు మిల్లీమీటర్లకు, అంటే రెట్టింపు పైకి చేరుతుంది. వ్యాసార్థం ఐదో వంతు పెరిగినందుకే ఇంత తేడా వచ్చింది, మోటారు టార్క్ లెక్కలన్నీ దీంతోపాటు మారిపోతాయి. సంఖ్యలు కదలకుండా పాతవే కనిపిస్తే, ఎవరో ఆ పార్టుకు ద్రవ్యరాశిని చేతితో ఇచ్చి ఉంటారు. పార్టు మాడిఫై డైలాగ్‌లో దాన్ని ఆకారం, మెటీరియల్ ప్రకారం లెక్కించే పద్ధతికి మార్చాలి.

నంబర్_ఆఫ్_సైడ్స్ అనే పారామీటరు వృత్తాన్ని ఎన్ని పలకలుగా గీయాలో చెబుతుంది. 20 పలకల బహుభుజి వైశాల్యం అసలు వృత్తం కంటే సుమారు 1.6 శాతం తక్కువ ఉంటుంది కనుక, లెక్కకు ముఖ్యమైన భాగాలకు, పలకలకు బదులు అసలు వంపునే వాడేలా, అనలిటికల్ = యస్ అని ఇవ్వడం నా పద్ధతి.

ప్రొఫైల్‌ను ఎన్ని డిగ్రీలు తిప్పాలో చెప్పే యాంగిల్_ఎక్స్‌టెంట్ విషయంలో మరింత జాగ్రత్త కావాలి. లోపలి భాగం కనిపించేలా చిత్రం తీయడానికి దీన్ని 270కి తగ్గించడం సులువైన ఉపాయమే, కానీ అది చిత్రానికి మాత్రమే పరిమితం కాదు. పై ఫ్లైవీలులో ద్రవ్యరాశి 6.43 కిలోలకు పడిపోవడమే కాక, ద్రవ్యరాశి కేంద్రం అక్షం నుంచి సుమారు 24.6 మి.మీ. పక్కకు జరుగుతుంది. ఆ స్థితిలో సిమ్యులేషన్ నడిపితే బేరింగు మీద కనిపించే కంపనం నిజమైన యంత్రానిది కాదు, చిత్రం కోసం మనం తీసేసిన పావు భాగం వల్ల వచ్చినది. చిత్రం తీసిన వెంటనే 360కి తిరిగి మార్చాలి.

క్యాడ్ (డిజైన్ గీసే) సాఫ్ట్‌వేర్ నుంచి పారాసాలిడ్ అనే ఘనాకృతుల ఫార్మాట్‌లో దిగుమతి చేసుకున్న భాగాలు గుండ్రంగానే ఉన్నా ఈ కమాండుకు లొంగవు, ఎందుకంటే ఆడమ్స్ దృష్టిలో అవి రెవల్యూషన్లు కావు.

పారామీటర్ల పేర్లు గుర్తు లేనప్పుడు డైలాగ్ బాక్సులో ఒకసారి మార్పు చేసి, ఆడమ్స్ వ్యూ చేసిన పనులన్నీ నమోదయ్యే ఏవ్యూ లాగ్ ఫైలు తెరిస్తే అదే పని కమాండు రూపంలో నమోదై ఉంటుంది. దాన్ని కాపీ చేసి సీఎండీ (కమాండుల) ఫైలుగా భద్రపరచుకోవచ్చు. ఇక ఒకే కొలతను పదేపదే మార్చి పరీక్షించాలంటే, 120 ఉన్న రెండు చోట్లా కుండలీకరణాల్లో డిజైన్ వేరియబుల్ (మార్చుకోగల కొలతకు పెట్టిన పేరు) పేరు, అంటే (.మోడల్_1.డీవీ_1) అని రాయాలి. ఆ తరువాత వేరియబుల్ విలువను మార్చి ఆకారం కూడా దానితో కదులుతోందో లేదో వెంటనే చూడాలి. అక్కడ ఇవాల్ ఫంక్షన్‌ను మాత్రం వాడకూడదు. అది ఆ క్షణంలో ఉన్న విలువను సంఖ్యగా నిలిపివేస్తుంది, తరువాత వేరియబుల్ మారినా ఆకారం మారదు.