ప్లగ్గు పీకాక కొట్టే షాక్

పోయిన వారం తెలిసిన కుర్రాడొకడు కుడిచేతికి కట్టుతో వచ్చాడు. మొదటిసారి ట్యూబ్ యాంప్లిఫైయర్ (గాజు వాక్యూమ్ ట్యూబులతో నడిచే ఆడియో యాంప్లిఫైయర్) కడుతున్నాడు. ఒక జాయింటు సరిగా అతకలేదని మళ్లీ సోల్డర్ చేయబోతే షాక్ కొట్టింది. ఆ విదిలింపులో చెయ్యి చాసిస్ (యాంప్లిఫైయర్ లోహపు చట్రం) అంచుకు తగిలి మణికట్టు దగ్గర చీరుకుపోయింది. "ప్లగ్గు పీకేశానన్నా, ఒట్టు" అంటాడు. పీకే ఉంటాడు. చిక్కంతా అక్కడే.

సోల్డరింగ్ ఐరన్ కాలుతుంది, ట్యూబు గాజు కాలుతుంది, ఇవి మీకు నేను చెప్పక్కర్లేదు. నేను చెప్పేది ఫిల్టర్ కెపాసిటర్ల గురించి, అంటే పవర్ సప్లైలో ఛార్జిని నిలవ ఉంచుకుని డీసీని నిలకడగా ఉంచే భాగాల గురించి. వాటిలో 300 నుంచి 450 వోల్టుల దాకా డీసీ నిలవ ఉంటుంది. ట్యూబులు వేడిగా ఉంటే స్విచ్ ఆపాక ఆ ఛార్జిని చాలావరకు అవే లాగేస్తాయి. ట్యూబులు సాకెట్లో లేకపోతే లాగేదెవరు? కొత్తవాళ్లు సరిగ్గా ఆ స్థితిలోనే పని చేస్తారు: ట్యూబులు పెట్టకముందు సప్లై వోల్టేజీ చూస్తారు. చూడాల్సిందే. పైగా లోడు లేదు కాబట్టి అప్పుడు వోల్టేజీ మామూలుకన్నా ఎక్కువే ఉంటుంది. చూసి, ఆపి, ప్లగ్గు పీకి, వేలు పెడతారు.

అందుకే కెపాసిటర్ రెండు కొనల మధ్య 220 కిలో ఓమ్స్, 2 వాట్ల బ్లీడర్ రెసిస్టర్ (ఆపాక ఛార్జిని మెల్లగా దించేది) వేయండి. 100 మైక్రోఫారడ్‌లున్నా రెండు నిమిషాల్లో దాదాపు ఖాళీ అవుతుంది. అయినా బ్లీడర్‌ను నమ్మొద్దు, దాని జాయింటు కూడా మీరు అతికిందేగా. మల్టీమీటరు పెట్టి కొలవండి. ఛార్జి ఉంటే 10 కిలో ఓమ్స్, 5 వాట్ల రెసిస్టర్‌ను ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో తగిలించి దించండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయొద్దు. దించాక మళ్లీ కొలవండి, ఎందుకంటే ఖాళీ చేసి వదిలేసిన కెపాసిటర్‌లో కొంత వోల్టేజీ తనంతట తనే తిరిగి వస్తుంది.

"ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్) ఉంది కదా" అంటారు కొందరు. అది ఫేజ్‌లో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగొచ్చిందా లేదా అని మాత్రమే చూస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు అవతలి వైపు మీరు షాక్ తింటున్నా దానికి తెలియదు.

ఇక మిగతావి.

మీటరునూ నమ్మొద్దు. ముందు ఒక బ్యాటరీ మీద చూసి, తర్వాత కెపాసిటర్ మీద పెట్టండి. ప్రోబులు (మీటరు తీగల మొనలు) 1000 వోల్టులు తట్టుకునేవే వాడండి.

ఉంగరం, వాచీ తీసేయండి. కరెంటు ఉండగా కొలవాల్సి వస్తే నెగటివ్ ప్రోబును ముందే క్లిప్పుతో చాసిస్‌కు తగిలించి, ఎడమచెయ్యి జేబులో పెట్టుకోండి.

ఎర్త్ తీగకు చాసిస్ మీద విడిగా ఒక బోల్టు ఉండాలి. హమ్ (స్పీకర్లో గుయ్యిమనే మోత) వస్తోందని ఎర్త్ పీకేసేవాళ్లు దయచేసి ఈ పని మానేయండి.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు 60 వాట్ల ఫిలమెంటు బల్బును మెయిన్స్ తీగకు సిరీస్‌లో పెట్టండి. ఎల్‌ఈడీ కాదు. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే సరే. ప్రకాశంగా అలాగే ఉంటే ఎక్కడో షార్ట్ ఉంది, ఆపండి.

స్పీకర్ గానీ డమ్మీ లోడు (స్పీకర్ బదులు పెట్టే రెసిస్టర్) గానీ లేకుండా సిగ్నల్ ఇవ్వొద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది.

ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ప్లస్, మైనస్ రెండుసార్లు చూడండి. తిరగేసి పెడితే పేలుతుంది.

మైక్రోవేవ్ ఓవెన్‌లోంచి తీసిన ట్రాన్స్‌ఫార్మర్ ముట్టొద్దు.

నిద్రమత్తులో మూత తీయొద్దు. ఒంటరిగానూ వద్దు.

ఆన్ చేసి చూసి, ఆపి, మళ్లీ లోపల చెయ్యి పెడుతున్నారా? కొలవండి. ఇందాకే కొలిచారా? మధ్యలో ఫోన్ మాట్లాడి వచ్చారా? మళ్లీ కొలవండి.