థీసిస్ ఇచ్చే ముందు: కాపీ మచ్చ పడకుండా

పొరపాటు ఎక్కువగా జరిగేది రాసేటప్పుడు కాదు, నోట్సు తీసుకునేటప్పుడు. వాక్యాన్ని ఉన్నదున్నట్టు దించుకుంటారు, పేజీ నంబరు వేయరు. మూడు నెలలయ్యాక అది తమ వాక్యమో, పుస్తకంలోదో గుర్తుండదు. అందుకే దించుకున్న చోటే కొటేషన్ గుర్తులు పెట్టి రచయిత, ఏడాది, పేజీ రాసుకోండి. ఫైల్లో అయితే అరువు వాక్యాలకు వేరే రంగు వేయండి.

మాటలు మార్చేస్తే సొంతమైపోతుందనుకోవడం పెద్ద ప్రమాదం. మూలంలో “చెరకు సాగు తగ్గడానికి కూలీల కొరత ప్రధాన కారణం” అని ఉందనుకోండి. “చెరకు సేద్యం క్షీణించడానికి కూలీల లేమి ముఖ్య హేతువు” అని రాస్తే అది కాపీయే, వాక్యం అస్థిపంజరం మారలేదు. పుస్తకం మూసేసి, అర్థమైనది మీ మాటల్లో రాయండి. ఆ తర్వాత కూడా మూలం చెప్పాల్సిందే, ఆలోచన వాళ్లది కదా. ఇంగ్లిష్ వ్యాసాన్ని తెలుగులోకి దించి పేరు చెప్పకపోయినా అదే తప్పు. కాపీని వెతికే సాఫ్ట్‌వేర్ పట్టుకోకపోవచ్చు, గైడు పట్టుకుంటారు.

యూజీసీ (విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం) 2018 నిబంధనల ప్రకారం థీసిస్‌లో ఇతర రచనలతో పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 వరకైతే గరిష్ఠంగా ఆరు నెలల్లోపు సరిచేసి మళ్లీ ఇవ్వాలి. 40 దాటి 60 వరకైతే ఏడాదిపాటు సవరించిన ప్రతి ఇవ్వడానికి వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. మూలం చెప్పిన కొటేషన్లు, రిఫరెన్సుల జాబితా, విషయసూచిక, కృతజ్ఞతలు ఈ లెక్కలోకి రావు. కానీ 9 శాతం వచ్చిందని నిశ్చింతగా ఉండకండి. ఆ తొమ్మిదీ ఒకే పేరాలో, ఒకే పుస్తకం నుంచి వచ్చి ఉంటే పరీక్షకులు వదలరు. అంకె కాదు, సాఫ్ట్‌వేర్ ఇచ్చే రిపోర్టులో రంగు పడిన ప్రతి వాక్యం చదవండి. సరిదిద్దుకునేందుకు గడువుకు కనీసం రెండు వారాల ముందే చెక్ చేయించండి.

ఏఐ ఇచ్చిన రిఫరెన్సులను అసలు నమ్మవద్దు. లేని వ్యాసాలకు కూడా నిజమైనవిలా కనిపించే డీఓఐలు (ఆన్‌లైన్‌లో వ్యాసాన్ని గుర్తించే శాశ్వత సంఖ్యలు) ఇస్తుంది. ప్రతి డీఓఐనీ తెరిచి, శీర్షిక, రచయిత సరిపోయాయో చూడండి. వేరే పుస్తకంలో ఉటంకించినదాన్ని మాత్రమే చదివితే, మూలాన్ని చదివినట్టు రాయకుండా, ఎక్కడ చదివారో అదే చెప్పండి. రిఫరెన్సులు అమర్చే జొటెరో సాఫ్ట్‌వేర్ వాడినా రచయితల పేర్లు, పేజీలు ఒకసారి చేత్తో సరిచూడాలి. చివరగా థీసిస్‌లో ఉటంకించిన ప్రతి పేరూ రిఫరెన్సుల జాబితాలో, జాబితాలోని ప్రతి పేరూ థీసిస్‌లో ఉందో లేదో టిక్కు పెట్టుకుంటూ చూడండి.