పెద్దమ్మ పిడికెడు ఎన్ని గ్రాములు?

మా పెద్దమ్మది దివిసీమ. ఎనభై దాటాయి. ఆవిడ వంటింటి కబుర్లు రికార్డు చేద్దామని మొదటిసారి కూర్చున్నప్పుడు, "ఆవకాయ ఎలా పెడతావు పెద్దమ్మా?" అని అడిగాను. "ముక్కలు, ఆవపిండి, కారం, ఉప్పు, నూనె. నీకు తెలియనిదా?" అంది. అంతే, అయిపోయింది. ఇంటికి వచ్చి వింటే ఆ రెండు ముక్కలూ ఫ్యాను రొదలో కలిసిపోయాయి.

కాబట్టి ముందు ఫ్యాను ఆపండి. కుక్కరు, మిక్సీ పనులు ముగిశాకే మొదలుపెట్టండి. ఫోను మడిచిన తువ్వాలు మీద, మాట్లాడేవారికి మూరెడు దూరంలో ఉంచండి. నేరుగా గట్టు మీద పెడితే గిన్నె జరిపినా పిడుగు పడ్డట్టు వినిపిస్తుంది. తేదీ, ఊరు, పేరు మీ గొంతుతోనే చెప్పండి. ఎవరెవరికి వినిపించవచ్చో అడిగి, ఆ జవాబునూ రికార్డు చేయండి. "మీ పెదనాన్న సంగతులు మాత్రం బయటపెట్టకు" అంది పెద్దమ్మ. ఆ భాగం నా దగ్గరే ఉంది.

"ఎలా చేస్తారు?" అని అడగకండి. ఎవరు రుబ్బేవారు, మొదట వడ్డన ఎవరికి, కూర చాలకపోతే ఎవరు మానుకునేవారు అని అడగండి. ఎదురుగా కూర్చోబెడితే పరీక్షలా ఉంటుంది. చేతిలో ఏదో ఒక పని ఉండాలి. రెండోసారి వెళ్లినప్పుడు పెద్దమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది.

ఏ సంవత్సరమని అడిగితే చాలామందికి గుర్తుండదు. "ఉప్పెనకు ముందా, తర్వాతా?" అన్నాను. మా వైపు ఉప్పెన అంటే 1977 నవంబరు 19. (వేరే ఊళ్లలో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చిన 1983ను గుర్తుగా పెట్టుకోవచ్చు.) పెద్దమ్మ చేతిలో కాయ ఆగిపోయింది. చాలాసేపు మాట్లాడలేదు. నేనూ నోరు మెదపలేదు. ఈ పని మొత్తంలో నాకు కష్టమైనది అదే. ఉప్పునీట మునిగిన వడ్లు ఎండబెట్టి, దంచి వండుకున్నారట. "ఆ అన్నంలోకి వేరే ఉప్పు అక్కర్లేకపోయింది" అంటూ మళ్లీ కాయ అందుకుంది. మధ్యలో నేను "అయ్యో" అని ఉంటే ఆ మాట దక్కేది కాదు.

కొలతలు అక్కడికక్కడే తేల్చుకోండి. పిడికెడు అంటే ఆవిడ పిడికిలితోనే తీయించి తూకం వేయండి. పెద్దమ్మ పిడికెడు కందిపప్పు 42 గ్రాములు, నాది 55. ఆవిడ "సోల" నిజానికి అడుగు సొట్టపోయిన డాల్డా డబ్బా. దాన్ని నీళ్లతో నింపి కొలిచాను.

రాసుకునేటప్పుడు ఆవిడ పలుకును దిద్దకండి. ఫైలుకు తేదీ, ఊరు, వంట పేరు పెట్టి రెండు చోట్ల దాచండి. చివరగా, చెప్పినవారికే ఒకసారి వినిపించండి. పెద్దమ్మ కళ్లు మూసుకుని అంతా విని, "మెంతులు చెప్పలేదేమిటి నేను! పెట్టు, ఆ ఫోను మళ్లీ పెట్టు" అంది.