ఎన్‌ఎఫ్‌టీ యాప్‌లో కొత్తవాళ్లు ఎక్కడ ఆగిపోతారు, అక్కడేం మార్చాలి

ఎథీరియం అనే బ్లాక్‌చెయిన్ మీద ఎన్‌ఎఫ్‌టీ (బొమ్మల్లాంటి డిజిటల్ వస్తువు ఎవరిదో చెప్పే టోకెన్) యాప్ చేస్తున్నారా, అయితే ముందు వాలెట్ (క్రిప్టో, ఎన్‌ఎఫ్‌టీలు వాడుకోవడానికి కీలు దాచే యాప్) పెట్టుకోమనే స్క్రీన్‌ని వెనక్కి జరపండి. బొమ్మ నచ్చి లోపలికొచ్చిన మనిషిని రాగానే బ్రౌజర్‌లో వాలెట్ ఎక్స్‌టెన్షన్ వేసుకో, 12 పదాల సీడ్ ఫ్రేజ్ (వాలెట్‌ని తిరిగి తెచ్చుకునే రహస్య పదాలు) రాసుకో, అది పోతే ఇక అంతే అంటే భయపడి వెళ్లిపోతారు, పాపం వాళ్ల తప్పేం లేదు. ఈమెయిల్‌తో లాగిన్ ఇచ్చి వాలెట్ వెనకాల తయారయ్యేలా చూడండి, కానీ ఆ వాలెట్‌ని నడిపే రహస్య కీ ఎవరి దగ్గరుందో మాత్రం దాచొద్దు. 2022లో రెడ్డిట్ పాలిగాన్ అనే బ్లాక్‌చెయిన్ మీద ఎన్‌ఎఫ్‌టీ అవతార్‌లు అమ్మినప్పుడు ధర మామూలు డబ్బుల్లోనే పెట్టింది, కార్డుతో కొనుక్కునే వీలుండేది, క్రిప్టో ముందే ఉండాల్సిన పని లేకపోయింది.

గ్యాస్ ఫీజు (బ్లాక్‌చెయిన్‌లో ట్రాన్సాక్షన్‌కి కట్టే రుసుము) కలిపి మొత్తం ఎంతో బటన్ నొక్కకముందే రూపాయల్లో చూపించండి. ట్రాన్సాక్షన్ ఫెయిలైనా గ్యాస్ పోతుందని కూడా అక్కడే రాయండి. కుదిరితే ఈఆర్‌సీ-4337 అనే ఎథీరియం ప్రమాణంలోని పేమాస్టర్‌తో (యూజర్ బదులు ఫీజు కట్టే కాంట్రాక్ట్) ఆ ఫీజు మీరే కట్టేయండి.

అన్నిటికంటే నాకు భయమేసేది సైన్ పాపప్, అంటే వాలెట్ ఒప్పుకోలు అడిగే కిటికీ. "సెట్ అప్రూవల్ ఫర్ ఆల్" అని వస్తే కొత్తవాళ్లకేం అర్థమవుతుంది, దానికి ఓకే కొడితే ఆ కలెక్షన్‌లో వాళ్ల దగ్గరున్నవన్నీ అవతలివాడు తీసుకుపోగలడు, ఇలా మోసాలు జరుగుతుంటాయి. అందుకే పాపప్ రాకముందే మీ స్క్రీన్ మీద తెలుగులో చెప్పండి: "దీనికి ఒప్పుకుంటే ఈ కలెక్షన్‌లో మీవన్నీ మేం కదిలించగలం". ఆ అనుమతి రద్దు చేసే బటన్ ప్రొఫైల్‌లోనే కనబడాలి, ఎక్కడో సెట్టింగ్స్ అడుగున కాదు.