ఉచిత వినికిడి యంత్రానికి దరఖాస్తు: అడిప్, వయోశ్రీ పథకాల్లో ఏది ఎవరికి

చెవి వెనుక పెట్టుకునే డిజిటల్ వినికిడి యంత్రాన్ని బయట కొనాలంటే వేలల్లో ఖర్చవుతుంది. ఆ స్తోమత లేనివారికి కేంద్ర ప్రభుత్వం రెండు పథకాల కింద యంత్రాలు సమకూరుస్తోంది. జేబులో పెట్టె, అక్కడి నుంచి చెవిదాకా తీగ ఉండే పాతరకం మిషన్లే చాలామందికి గుర్తున్నాయి గానీ, ఇప్పుడు శిబిరాల్లో ఇచ్చేవి ప్రధానంగా తీగ లేని, చెవి వెనుక ఒదిగిపోయే యంత్రాలే. అయితే ఈ రెండు పథకాల అర్హతలు పూర్తిగా వేరు. తమకు ఏది వర్తిస్తుందో తేల్చుకోకుండా పత్రాల కోసం బయలుదేరితే నెలలు వృథా అవుతాయి.

మొదటిది అడిప్ పథకం. దివ్యాంగులకు ఉపకరణాలు అందించేందుకు 1981 నుంచి అమలవుతున్న ఈ పథకానికి వయసుతో నిమిత్తం లేదు గానీ, కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం తప్పనిసరి. కుటుంబ పెద్దలు ఎక్కువగా పొరబడేది ఈ 40 శాతం దగ్గరే. శాతాన్ని లెక్కించేటప్పుడు బాగా వినిపించే చెవిలోని లోపాన్ని ఐదుతో గుణించి, దానికి రెండో చెవి లోపాన్ని కలిపి, మొత్తాన్ని ఆరుతో భాగిస్తారు. కాబట్టి ఒక చెవి పూర్తిగా వినిపించకపోయినా రెండోది బాగుంటే వచ్చేది సుమారు 17 శాతమే, దానితో అడిప్ అర్హత రాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కూడా రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెల్స్ లోపం ఉన్నవారినే వినికిడి మందగించినవారిగా, 70 డెసిబెల్స్ లోపం ఉన్నవారిని బధిరులుగా నిర్వచించింది.

వయసు మీద పడి చెవులు మందగించిన పెద్దల్లో చాలామంది ఈ గీతకు ఇవతలే ఆగిపోతారు. వారి కోసమే రెండో దారి, రాష్ట్రీయ వయోశ్రీ యోజన. 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే ప్రారంభమైన ఈ పథకానికి 60 ఏళ్లు నిండి ఉండటం, దారిద్ర్యరేఖకు దిగువన ఉండటం లేదా నెల ఆదాయం రూ.15,000 మించకపోవడం ప్రధాన అర్హతలు. వైకల్య ధ్రువపత్రం అడగరు, శిబిరంలో జరిగే పరీక్షలో లోపం తేలితే చాలు. అందుచేత ఇంట్లో పెద్దవారికి యంత్రం కావాలనుకునేవారు సదరం (వైకల్య ధ్రువీకరణ) పరీక్ష స్లాటు కోసం ఎదురుచూసే ముందు ఈ పథకాన్ని విచారించుకోవడమే మేలు.

అడిప్‌కు వెళ్లదలచినవారు ముందుగా ధ్రువపత్రం సంపాదించాలి. తెలుగు రాష్ట్రాల్లో దీన్ని నేటికీ సదరం సర్టిఫికెట్ అనే అంటున్నారు గానీ, దేశవ్యాప్తంగా చెల్లేది యూడీఐడీ కార్డు, అంటే దివ్యాంగుల విశిష్ట గుర్తింపు కార్డు. స్వావలంబన్ కార్డు పోర్టల్‌లో గానీ, సమీపంలోని మీసేవ కేంద్రంలో గానీ ఆధార్, ఫొటో, చిరునామా రుజువుతో నమోదు చేసుకుంటే, ప్రభుత్వాసుపత్రిలో వైద్యుల ఎదుట హాజరు కావలసిన వివరం తెలుస్తుంది. ఆ రోజు చెవి, ముక్కు, గొంతు వైద్యుడు పరీక్షించి, వినికిడి స్థాయిని చూపే ఆడియోగ్రామ్ తీయిస్తారు. చెవిలో గులిమి గట్టిపడి ఉన్నా, చీము కారుతున్నా ఫలితం తప్పుగా రావచ్చు కనుక ముందే చికిత్స చేయించుకుని వెళ్లాలి. శబ్దం వినిపించగానే చెప్పలేని పసిపిల్లలకు బెరా పరీక్ష చేస్తారు. చెవి నుంచి మెదడుకు సంకేతం చేరుతున్న తీరును అది నేరుగా కొలుస్తుంది.

ఆదాయ ధ్రువపత్రాన్ని తహసీల్దారు కార్యాలయం జారీ చేస్తుంది. అడిప్ కింద నెలకు రూ.22,500 లోపు ఆదాయం ఉన్నవారికి యంత్రం పూర్తిగా ఉచితం, రూ.30,000 వరకు ఉన్నవారికి సగం ధర రాయితీగా లభిస్తుంది. పిల్లల విషయంలో తల్లిదండ్రుల ఆదాయాన్నే లెక్కలోకి తీసుకుంటారు. వీటితోపాటు ఆధార్ నకలు, రేషన్ కార్డు, రెండు పాస్‌పోర్టు సైజు ఫొటోలు, ఆడియోగ్రామ్ జతచేసి ఉంచుకోవాలి. పేరు, పుట్టిన తేదీ అన్ని పత్రాల్లోనూ ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోవడం చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, చాలా దరఖాస్తులు అక్కడే ఆగిపోతాయి.

దరఖాస్తును జిల్లాలోని దివ్యాంగుల, వయోవృద్ధుల సంక్షేమ కార్యాలయంలో ఇవ్వవచ్చు. రెండు పథకాలకూ ప్రధాన సరఫరాదారు కాన్పూరులోని అలింకో. ఈ కేంద్ర ప్రభుత్వ సంస్థ జిల్లా యంత్రాంగంతో కలిసి శిబిరాలు నిర్వహిస్తుంది. మొదట నిర్ధారణ శిబిరంలో పరీక్షించి పేరు నమోదు చేసుకుంటారు, యంత్రాన్ని ఆ తర్వాత మరో శిబిరంలో పంపిణీ చేస్తారు. ఈ రెంటి మధ్య వ్యవధి ఉంటుంది కాబట్టి మొదటి శిబిరంలో ఇచ్చిన రసీదును భద్రపరచుకోవాలి. హైదరాబాదు పరిసరాలవారు శిబిరం దాకా ఆగకుండా, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని అలీ యావర్ జంగ్ జాతీయ వాక్, శ్రవణ వైకల్యాల సంస్థ ప్రాంతీయ కేంద్రాన్ని కూడా సంప్రదించవచ్చు. నెల్లూరులో దివ్యాంగులకు సేవలందించే కేంద్ర ప్రభుత్వ సమ్మిళిత ప్రాంతీయ కేంద్రం ఉంది.

యంత్రం అందగానే పని పూర్తయినట్టు కాదు. ఏ స్థాయి శబ్దాన్ని ఎంత పెంచాలో ఆడియోగ్రామ్‌ను బట్టి అమర్చాలి, చెవికి సరిపడే మౌల్డ్ (చెవి లోపల ఇమిడే అచ్చు) చేయించాలి. మౌల్డ్ వదులుగా ఉంటే యంత్రం కీచుమంటుంది, అది చూసి చెడిపోయిందనుకుని పక్కన పడేసేవారు ఉన్నారు. అలాంటప్పుడు ఇచ్చిన కేంద్రానికే తిరిగి తీసుకెళ్లి సరిచేయించాలి. వయోశ్రీ కింద ఇచ్చిన ఉపకరణాలకు ఏడాదిపాటు ఉచిత నిర్వహణ ఉంటుంది. బటన్ బ్యాటరీలు అరిగిపోతే కొనుక్కోవలసింది మాత్రం మనమే. జింక్ బ్యాటరీ మీది స్టిక్కరు తీసిన వెంటనే వాడకుండా ఒక నిమిషం గాలి తగలనిస్తే అది పూర్తి శక్తితో పనిచేస్తుంది. ఫోనుతో బ్లూటూత్ ద్వారా జతయ్యే సదుపాయం ఉంటుందని ఆశించి మాత్రం దరఖాస్తు చేయవద్దు. మాట వినిపించేలా చేయడమే ఈ పథకాల లక్ష్యం.

అడిప్ కింద ఒకసారి యంత్రం పొందినవారు మూడేళ్లు గడిచాకే మళ్లీ దరఖాస్తు చేసుకోగలరు, 12 ఏళ్ల లోపు పిల్లలకు ఈ గడువు ఏడాదే. అప్పుడు పాత ఆడియోగ్రామ్‌ను వాడకుండా పరీక్ష కొత్తగా చేయించుకోవాలి, ఎందుకంటే ఆలోగా వినికిడి స్థాయి మారి ఉండవచ్చు.