చేపల మేత డబ్బా మీది రసాయన నామాలను చదవడం ఎలా

ఒడిశాలోని బరంపురంలోనూ పర్లాకిమిడిలోనూ అక్వేరియం పెట్టుకొన్న మన తెలుగువాళ్లు కొందరు, మేత డబ్బా వెనుక చీమల బారులా అచ్చయిన రసాయన నామాలను చూసి కంగారుపడి, పాలిథిన్ పొట్లంలో విడిగా అమ్మే మేతే నయమనుకొంటారు. ఆ పొట్లం మీద తయారీ తేదీ సైతం ఉండదు.

ముడిసరుకులను సాధారణంగా బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు కనుక, ముందుగా మొదటి మూడు నాలుగు పేర్లు చూడాలి. చేపపొడి, రొయ్యపొడి ముందుంటే మంచిది. గోధుమపిండే మొదట ఉంటే పిండిపదార్థానికి డబ్బు పెడుతున్నట్టే. ప్రోటీన్ శాతాన్ని తేమ శాతంతో కలిపి చదవాలి. తేమ 10, ప్రోటీన్ 40 శాతం ఉన్న గుళికలలో నీరు తీసివేసి లెక్కిస్తే ప్రోటీన్ సుమారు 44 శాతం. తేమ 90, ప్రోటీన్ 5 అని రాసిన, గడ్డకట్టించి అమ్మే బ్లడ్‌వార్మ్‌లలో (చేపలకు వేసే ఎర్ర పురుగులలో) అదే లెక్కన 50 శాతం.

భయపెట్టే పొడవాటి పేర్లలో చాలావరకు విటమిన్లే. థయమిన్ మోనోనైట్రేట్ బి1, కాల్షియం పాంటోథెనేట్ బి5, పిరిడాక్సిన్ హైడ్రోక్లోరైడ్ బి6. మెనడియోన్ అన్నది విటమిన్ కె రూపం. మామూలు విటమిన్ సి వేడికీ గాలికీ త్వరగా నశిస్తుంది కాబట్టి దానికి ఫాస్ఫేట్ జోడించి ఆస్కార్బిల్ పాలీఫాస్ఫేట్‌గా కలుపుతారు. ఆ పేరు కనిపిస్తే నేను మంచి గుర్తుగానే తీసుకొంటాను. రాగి మోతాదు మించితే రొయ్యలకు విషం కనుక, కాపర్ సల్ఫేట్ (మైలుతుత్తం) పేరు చూసి వాటిని పెంచేవారు ఉలిక్కిపడతారు గాని, మేతలో పోషకంగా కలిపేది అతి స్వల్పం, నీళ్లలో మందుగా పోసే మోతాదు వేరు.

ఆగి ఆలోచించవలసినవి నిల్వ పదార్థాలు. చేపనూనె ముక్కిపోకుండా ఎథాక్సీక్విన్, బీహెచ్ఏ, బీహెచ్‌టీ కలుపుతారు. వీటిలో ఎథాక్సీక్విన్‌కు జంతువుల మేతలో ఉన్న అనుమతిని ఐరోపా సమాఖ్య 2017లో నిలిపివేసింది. వాటికి బదులు టోకోఫెరాల్, అంటే విటమిన్ ఇ, ఉన్న మేతను నేను ఎంచుకొంటాను. అయితే దాని రక్షణ అంత కాలం నిలవదు కనుక తాజా తేదీ చూసి కొనాలి.

రంగులు రెండు విధాలు. అస్టాజాంతిన్, స్పైరులినా వంటివి చేప ఒంటి ఎరుపు, నారింజ రంగులకు తోడ్పడతాయి. టార్ట్రజిన్, ఎరిత్రోసిన్ వంటివి గుళికకు నిగారింపు తెచ్చి కొనేవారి కంటిని ఆకర్షించడానికే. కొద్ది గుళికలను తెల్ల గిన్నెలోని నీళ్లలో నానబెడితే రంగు ఎంత కారుతుందో తెలిసిపోతుంది.

బరంపురంలో సముద్రపు తేమ, వానకాలపు చెమ్మ రెండూ మేతకు శత్రువులే. అందుచేత నెలా రెండు నెలల్లో అయిపోయే చిన్న డబ్బాయే కొని, తడి చేతితో తాకకుండా మూత గట్టిగా బిగించాలి. గడువు ఇంకా మిగిలి ఉన్నా, మూత తీయగానే పాత నూనె కంపు కొడితే ఆ మేతను పారవేయాలి.